కథ చెప్పి వచ్చాక

మన రచయితల సమావేశాల్లో సినిమా మాట వస్తే అది చాలాసార్లు కోపంతోనే ముగుస్తుంది. మనల్ని ఎలా చూపించారు, మన దేవతల్ని ఎలా వాడుకున్నారు, మన భాషను ఎలా వెక్కిరించారు అని మాట్లాడుకుంటాం. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఈ మధ్య మన పిల్లలు కొందరు సినిమాలు చూసి కోప్పడి ఊరుకోకుండా తామే కథలు రాస్తున్నారు. హైదరాబాదు కృష్ణానగర్‌లో నలుగురు కలిసి ఒక గది తీసుకుని, స్క్రిప్టు ఫైలు చంకలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లకు అక్కడ ఏం ఎదురవుతోంది, విన్నవాళ్లు ఏమంటున్నారు, ఆ మాటల్ని ఏం చేసుకోవాలి అన్నది మనం ఇంకా చర్చించుకోలేదు.

మేమూ ఒక కథ రాసి చెప్పి వచ్చాం. మేము అంటే ఒక బడిపంతులు, ఆ బళ్లో చదివి డిగ్రీ పూర్తిచేసిన ఇద్దరు పిల్లలు. కథను ఇంకా ఎవరూ తీసుకోలేదు. కథ గొప్పదని చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కథ విన్నవాళ్లు అన్న మాటల మీద విమర్శ ఇది. అందులో కొంత వాళ్ల మీద, కొంత మా మీద.

మేము రాసిన కథ

ముందు కథ చెప్పాలి. ఏజెన్సీలో ఒక కోయ ఊరు. భర్త పోయిన ఒక అవ్వ, పదో తరగతి చదివే ఆమె మనవరాలు. అవ్వ నలభై ఏళ్లుగా పోడు చేసుకుంటున్న భూమికి పట్టా కోసం దరఖాస్తు పెట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉందని చూపించాలి. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు కావాలి. అవ్వ దగ్గర పాత జరిమానా రసీదు ఒక్కటే ఉంది. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాట రాసి ఇచ్చినా ఆధారమేనని అదే చట్టం కింద వచ్చిన నియమాల్లో ఉంది. మనవరాలు అది చదివి పట్టుకుంటుంది. అయితే ఆ చేను పుట్టుక తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే మిగిలాడు. ఆ తాతకూ ఈ ఇంటికీ ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. ఆ తాత నోరు విప్పుతాడా లేదా అన్నదే కథ.

పోడు రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెబితే చాలు, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. మా పొరపాటు అక్కడే మొదలైందని తర్వాత తెలిసింది.

కథ చెప్పడం అనే పని

తెలుగు సినిమాలో కథ ఎక్కువగా కాగితం మీద కాకుండా నోటి మీద నడుస్తుంది. దీన్ని నేరేషన్ అంటారు. ముందు 'లైన్ చెప్పండి' అంటారు. రెండు మూడు వాక్యాల్లో కథ సారం చెప్పాలి. అది నచ్చితే పది పదిహేను నిమిషాలు ఇస్తారు. 'ఇంటర్వెల్ ఎక్కడ?' అని అడుగుతారు. అదీ నచ్చితే మరో రోజు పిలిచి రెండు గంటల పాటు సీను సీనుగా వింటారు. ఆ తర్వాతే ఫైలు అడుగుతారు. పెద్దవాళ్ల దాకా వెళ్లాలంటే ముందు వాళ్ల దగ్గర పనిచేసే అసిస్టెంట్ డైరెక్టర్లు వినాలి. వాళ్లు బాగుందంటేనే పై మెట్టు.

మరో దారి కూడా ఉంది. గోవాలో ఏటా నవంబరులో జరిగే అంతర్జాతీయ చలనచిత్రోత్సవంతో పాటు జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ 2007 నుంచి ఫిలిం బజార్ నడుపుతోంది. ఆ సంస్థవారి రచయితల శిబిరంలో ఎంపికైన స్క్రిప్టులను అనుభవం ఉన్నవాళ్లు కూర్చోబెట్టి, తప్పులు చెప్పి, మళ్లీ రాయిస్తారు. ఆ తర్వాత నిర్మాతల ముందు చెప్పనిస్తారు. లంచ్‌బాక్స్, తిత్లీ వంటి హిందీ సినిమాల స్క్రిప్టులు అలా సానపట్టినవే. అక్కడ మన పిల్లలకు పెద్ద అడ్డు ఇంగ్లీషు. హైదరాబాదులో అడ్డు పరిచయం. అడ్డు ఏదైనా, రెండు చోట్లా చివరికి చేయాల్సింది ఒక్కటే. తెలియని మనిషి ఎదురుగా కూర్చుని కథ చెప్పాలి, అతను అన్నది వినాలి.

ఈ పని మనకు కొత్తదని అనుకోవద్దు. గోండు ఇళ్లకు వచ్చి కిక్రి వాయిస్తూ వంశ కథలు చెప్పే ప్రధానులు ఉన్నారు. డోలు కొడుతూ కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ పాడినందుకే సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి కథ వినేటప్పుడు మన పెద్దలు ఊరికే కూర్చోరు. పేరు తప్పితే ఆపుతారు. వరస తప్పితే సరిచేస్తారు. చెప్పేవాడు దాన్ని అవమానంగా తీసుకోడు. విన్నవాళ్ల మాటకు విలువ ఇచ్చే అలవాటు మనకు తరాల నుంచి ఉంది. తేడా ఒక్కటే. అక్కడ విన్నవాళ్లకు కథ ముందే తెలుసు. ఇక్కడ విన్నవాళ్లకు మనమే తెలియదు.

'హీరో ఎవరు?'

మేము మొదట కథ చెప్పింది ఒక నిర్మాణ సంస్థ ఆఫీసులో పనిచేసే కుర్రవాడికి. మూడు గంటలు కూర్చోబెట్టి ఏడు నిమిషాలు విన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. 'సార్, ఇందులో హీరో ఎవరు?' అన్నాడు. మనవరాలు అన్నాం. 'ఆ అమ్మాయి సరే, ఆమెకు సాయం చేసేది ఎవరు? సిటీ నుంచి ఒక యంగ్ ఫారెస్ట్ ఆఫీసర్ వస్తాడు, మొదట వీళ్లకు వ్యతిరేకం, తర్వాత కళ్లు తెరుచుకుంటాయి, అలా పెట్టండి. ఇంటర్వెల్‌కి ఊరు తగలబడాలి' అన్నాడు.

మా కథలో ఊరు తగలబడదు. ఒక కాగితం దొరకదు, అంతే. ఆ కాగితం దొరకకపోతే ఆ ఇంటికి ఊరు తగలబడినంత నష్టమని అతనికి అందలేదు. అది అతని తప్పే అనుకుని బయటికొచ్చాం. సగం తప్పు మాదని చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆ సగం సంగతి తర్వాత చెప్తాం. ముందు అతని సగం చూద్దాం.

బయటి నుంచి ఒకడు వచ్చి ఆదివాసులను కాపాడాలి అన్నది ఆ కుర్రవాడు కనిపెట్టింది కాదు. అతను చూసి పెరిగిన సినిమాల్లోంచి వచ్చింది. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' మన ఊళ్లలోనూ గుండెలకు హత్తుకున్న సినిమా. అందులో మన్యం ప్రజల కష్టం ఉంది, త్యాగం ఉంది. కానీ గాం గంటందొర, మల్లుదొర మనకు గుర్తుండేది రాజు పక్కన నిలబడినవాళ్లుగానే. నిజానికి మల్లుదొర శిక్ష పడి అండమాన్ జైలు దాకా వెళ్లివచ్చి, 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒక్క మనిషి జీవితంలో తిరుగుబాటు, జైలు, పార్లమెంటు మూడూ ఉన్నాయి. ఇంతకంటే లైన్ ఏం కావాలి? అయినా తెలుగు సినిమాలో ఆయన ఇప్పటికీ పక్క పాత్రే.

2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' తీసుకుందాం. అది కల్పిత కథ అని తీసినవాళ్లే ముందు చెప్పారు. కల్పన చేసే హక్కు ఎవరికైనా ఉంటుంది. మేము చూసేది ఆ కల్పన ఎటు ఒరిగిందన్నది. అందులో గోండులంటే అమాయకులు, మందగా బతికేవాళ్లు, తప్పిపోయిన పిల్ల కోసం వచ్చే కాపరి భీమ్. గోండు పిల్ల పాడే పాట తెలుగులోనే ఉంటుంది. చివరికి ఏం కావాలో అడగమంటే భీమ్ రామరాజును చదువు అడుగుతాడు. కొమురం భీమ్ వయసులో ఉండగా ఊరు విడిచి వెళ్లి చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. జోడేఘాట్ గుట్టల్లో పన్నెండు ఊళ్లను ఒక్కటి చేసి నిజాం ప్రభుత్వంతో తలపడి 1940లో ప్రాణమిచ్చిన మనిషి ఆయన. అలాంటి మనిషి చేత చదువు యాచించినట్టు చూపించడం పంతుళ్లుగా మాకు మరీ బాధ కలిగించింది. మా బళ్లో పిల్లలు ఆ సినిమా చూసి వచ్చి, 'భీమ్‌కు చదువు రాదా సార్?' అని అడిగారు.

అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీమ్' సినిమా వేరే సంగతి. అది 1990లోనే పూర్తయింది, నంది అవార్డులూ వచ్చాయి. థియేటర్లలో విడుదల కావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. సినిమా తయారైనా ఇరవై ఏళ్లు జనం ముందుకు రాలేకపోయిందంటే, కథ బాగా చెప్పడం ఒక్కటే చాలదని అర్థం. ఇది మన పిల్లలకు నిరాశ కలిగించడానికి చెప్పడం లేదు. 'నా కథ తీసుకోలేదు కాబట్టి నా కథ బాగాలేదు' అనుకోవద్దని చెప్తున్నాం. తీసుకోకపోవడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి. వాటిలో కథ బాగోలేకపోవడం ఒకటి మాత్రమే.

అందుకని ఆ కుర్రవాడి ఫారెస్ట్ ఆఫీసరును మేము తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోం. ఆ ఆఫీసరు వస్తే మనవరాలు చట్టం చదవాల్సిన పని ఉండదు, తాత నోరు విప్పాల్సిన పని ఉండదు. కథే ఉండదు.

'మీ ఊళ్లో అబద్ధం చెప్పేవాడు లేడా?'

రెండోసారి విన్నాయన చాలా ఏళ్లుగా సినిమాలకు రాస్తున్న పెద్దాయన. ఒక స్నేహితుడి ద్వారా వెళ్లాం. ఇంట్లో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఫోను పక్కన పెట్టి రెండు గంటలు విన్నారు. ఒక్కసారి కూడా హీరో ఎవరని అడగలేదు. అయిపోయాక మూడు మాటలన్నారు.

మొదటిది: 'ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో నాకు చివరి దాకా తెలియలేదు. మీకు తెలుసు కాబట్టి మీరు రాయలేదు.'

రెండోది: 'తాత చివర్లో ఎందుకు మాట్లాడాడో నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి ఏడ్చింది కాబట్టి మాట్లాడాడా? ఇరవై ఏళ్ల పంతం ఏడుపుకు పోతుందా? అక్కడ ఏదో తక్కువైంది.'

మూడోది: 'మీ ఊళ్లో అందరూ మంచివాళ్లే. చెడ్డవాళ్లంతా బయట నుంచి వచ్చినవాళ్లే. మీ ఊళ్లో అబద్ధం చెప్పేవాడు లేడా?'

మూడో మాటకు మాకు ఒళ్లు మండింది. తిరుగు బస్సులో ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాం. మన మీద ఇన్ని నిందలున్నాయి, ఇప్పుడు మన చేతే మనవాళ్లను దొంగలుగా రాయిస్తాడా అనుకున్నాం. ఫైలు రెండు వారాలు బీరువాలో పడేశాం.

తర్వాత మళ్లీ చదివితే సిగ్గనిపించింది. మా స్క్రిప్టులో ఊరి మనుషులు అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు. అందరూ మంచివాళ్లు, అందరూ బాధితులు, ఎవరికీ స్వార్థం లేదు, ఎవరూ పొరపాటు చేయరు. అంటే 'ఆర్ఆర్ఆర్'లో ఏ అమాయకత్వాన్ని చూసి కోప్పడ్డామో దాన్నే మేమూ రాశాం. వాళ్లు దూరం నుంచి రాశారు, మేము ప్రేమతో రాశాం. చూసేవాడికి మాత్రం రెండు చోట్లా కనిపించేది మందే, మనిషి కాదు.

నిజానికి మా ఊళ్లో అబద్ధం చెప్పేవాళ్లు ఉన్నారు. బినామీగా గిరిజనేతరుడికి పేరు అరువిచ్చినవాళ్లు ఉన్నారు. 1/70 చట్టం ఉన్నా ఏజెన్సీ భూములు చేతులు మారిన తీరు అందరికీ తెలుసు. అందులో మనవాళ్ల వేలిముద్రలూ ఉన్నాయి. ఆ తాతకు ఈ ఇంటితో మాటలు ఎందుకు పోయాయో రాయాల్సి వచ్చినప్పుడు మేము ఏదో చిన్న అపార్థం అని దాటేశాం. ఎందుకంటే అసలు కారణం రాయడానికి భయపడ్డాం. ఇప్పుడు రాశాం. అవ్వ భర్త ఒకప్పుడు ఆ తాత చేను హద్దు విషయంలో తప్పుడు సాక్ష్యం చెప్పాడు. దానివల్ల తాత భూమి పోయింది. ఇప్పుడు అదే ఇంటికి తాత సాక్ష్యం కావాలి. ఇలా రాసేసరికి కథ బరువు పెరిగింది. అవ్వ మీద ప్రేమ తగ్గలేదు. తాత మీద గౌరవం పెరిగింది.

ఆ పెద్దాయన మాట విననట్లయితే మేము ఈ నిజం దాకా వచ్చేవాళ్లం కాదు.

కాకి ముట్టకపోతే ఏమవుతుంది

మొదటి మాట, అంటే కాగితం లేకపోతే ఏమవుతుందో తెలియలేదన్నది, మాకు 'బలగం' సినిమా మళ్లీ చూశాక అర్థమైంది. 2023లో వేణు యెల్దండి తీసిన ఆ సినిమాలో కథంతా ఒక చావు ఇంట్లో నడుస్తుంది. చనిపోయిన కొమురయ్యకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. కాకులు తినకపోతే ఏం, అని అడగగల ప్రేక్షకులు కోట్ల మంది ఉన్నారు. అయినా ఆ ఊరి ఆచారం తెలియనివాళ్లూ ఏడ్చారు. ఎందుకంటే పిట్ట ముట్టకపోతే ఆ ఇంటి పరువు, అన్నదమ్ముల మాట, ఊరి మాట, చివరికి ముసలాయన ఆత్మశాంతి అన్నీ ఎలా ముడిపడి ఉన్నాయో సినిమా మొదటి నుంచీ ఒక్కొక్కటిగా చూపిస్తూ వస్తుంది. బావబామ్మర్దుల మధ్య ఏళ్ల తరబడి మాటలు పోవడానికి కారణం విందులో వడ్డించిన ఒక నల్లి బొక్క. వినడానికి నవ్వొస్తుంది. చూసినప్పుడు నవ్వు రాదు.

'ఇది అందరికీ కనెక్ట్ అవ్వదు' అని మన పిల్లలకు చెప్పినప్పుడు రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. ఆచారాన్ని తీసేయమని ఒక అర్థం. ఆచారం తప్పితే ఎవరికి ఏం పోతుందో చూపించమని రెండో అర్థం. చెప్పినవాడు మొదటి అర్థంలోనే చెప్పి ఉండొచ్చు. మనం రెండో అర్థం తీసుకోవాలి. మేము స్క్రిప్టు మొదట్లో ఒక సీను చేర్చాం. పక్క ఊళ్లో ఆధారం లేక దరఖాస్తు కొట్టేసిన ఒక రైతు విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని చేను దగ్గరికి వెళ్తాడు. అక్కడ కందకం తవ్వి ఉంటుంది. మూటతో వెనక్కి వస్తాడు. మాటల్లేవు. ఆ తర్వాత కాగితం అన్న మాట వచ్చినప్పుడల్లా చూసేవాడికి ఆ మూట గుర్తొస్తుంది. మొదటి కుర్రవాడికి మేము ఇది చెప్పి ఉంటే అతను ఊరు తగలబెట్టమని అడిగేవాడు కాదేమో. మా తప్పు సగం అన్నది ఇదే.

ఊళ్లో చదివినప్పుడు

రెండో మాట మిగిలింది. తాత ఎందుకు మాట్లాడాడు? మేము ముగ్గురం నెల రోజులు రకరకాలుగా రాశాం. ఏదీ కుదరలేదు. చివరికి ఒక రాత్రి ఊళ్లో పది మందిని కూర్చోబెట్టి స్క్రిప్టు కోయలో చెప్పుకుంటూ పోయాం. సినిమా ఆఫీసులో కంటే అక్కడే ఎక్కువ భయమేసింది.

మనవరాలు తాత ఇంటికెళ్లి బతిమాలే సీను రాగానే ఒక ముసలమ్మ ఆపింది. 'మాట పోయిన ఇంటికి పిల్ల ఒక్కతే పోతుందా? పెద్దమనుషుల్లేకుండా పోతే ఆ ముసలోడు తలుపు తీస్తాడా?' అంది. ఇంకో ఆయన, 'ముందు మాట్లాడి తర్వాత కల్లు తాగరు. ముందు ఒకచోట కూర్చుని ఒక బుర్రలో కల్లు తాగాలి. తాగినంక పాత తప్పు ఒప్పుకోవాలి. అప్పుడు మాట వస్తది' అన్నాడు. 'ఎవరు ఒప్పుకోవాలి? చేసినోడు సచ్చిపోయిండు కదా' అని ఒకరు అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముసలమ్మే అంది: 'పెండ్లాం ఒప్పుకోవాలి. ఆమెకు తెలుసు కదా.'

మా కథ అక్కడ పూర్తయింది. తాత మాట్లాడేది పిల్ల ఏడుపుకు కాదు. పట్టా కోసం తిరుగుతున్న అవ్వ పదిమంది ముందు తన భర్త చెప్పిన అబద్ధాన్ని ఒప్పుకుంటుంది. అది ఒప్పుకుంటే తన పట్టాకే నష్టం రావచ్చని తెలిసీ ఒప్పుకుంటుంది. ఆ తర్వాత తాత నోరు విప్పుతాడు.

హైదరాబాదులో పెద్దాయన 'ఇక్కడ ఏదో తక్కువైంది' అన్నారు. ఏది తక్కువైందో ఆయనకు తెలియదు, తెలిసే వీలు లేదు. ఊరివాళ్లకు తెలుసు. కానీ పెద్దాయన వేలు పెట్టి చూపకపోతే మేము ఊరివాళ్లను అడిగేవాళ్లం కాదు. మేము నేర్చుకున్నది ఇంతే. నొప్పి ఎక్కడుందో చెప్పినవాడి మాట వినాలి. అతను చెప్పే మందు మాత్రం అతని అడవిలో దొరికే ఆకులతో చేసింది. మన మందు మనమే మన అడవిలో వెతికి నూరుకోవాలి.

మొదటి కుర్రవాడూ నొప్పి చెప్పాడు. 'ఈ అమ్మాయి ఒంటరిగా ఉంది, ఆమెను చూసి నాకు ఏం అనిపించాలో తెలియడం లేదు' అన్నది అతని నొప్పి. ఫారెస్ట్ ఆఫీసరు అతని మందు. మేము మందు చూసి కోప్పడి నొప్పి వినలేదు.

'నేటివిటీ' అనే మాట

తీసుకోకూడని మాటలు కూడా ఉన్నాయి. అందులో ఒకటి భాష గురించి. మా కథలో ఊరివాళ్లు తమలో తాము కోయలో మాట్లాడతారు, ఆఫీసుల్లో తెలుగులో మాట్లాడతారు. ఒకాయన, 'కోయ ఎవరికి అర్థమవుతుంది? నేటివిటీ కోసం తెలుగులోనే యాస పెట్టండి, దొరా, సామీ అని' అన్నాడు. ఆ యాస ఏ ఊళ్లోనూ లేదు. సినిమావాళ్లు సినిమాల్లోంచి నేర్చుకున్న యాస అది. ఈ గడ్డ మీద పుట్టిన భాషను తీసేసి, ఎక్కడా లేని భాషను పెట్టడాన్ని నేటివిటీ అంటున్నారు.

ఇది మందూ కాదు, నొప్పీ కాదు. భాష పోతే మా కథలో ఒక ముఖ్యమైన సంగతే పోతుంది. కోయలో గలగలా మాట్లాడే అవ్వ ఆఫీసులో తెలుగు రాక మూగదవుతుంది. మనవరాలు ఆమెకు నోరవుతుంది. అర్థం కాదన్న భయం ఉంటే తెర కింద అక్షరాలు వేయవచ్చు. అరుణాచల్ ప్రదేశ్‌లో కొన్ని వేలమంది మాత్రమే మాట్లాడే షెర్దుక్‌పెన్ భాషలో సాంగే దోర్జీ తోంగ్‌డోక్ 'క్రాసింగ్ బ్రిడ్జెస్' తీశారు. 2013 సినిమాలకు ఇచ్చిన జాతీయ అవార్డుల్లో ఆ భాషకు అవార్డు వచ్చింది. గోండి, కోయ, కువి, సవర మాట్లాడేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువమంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. 'మీకు మా సంస్కృతి తెలియదు' అన్న మాటను అన్నింటికీ అడ్డుపెట్టుకోవద్దు. సీను సాగదీస్తే అది సాగదీతే. దానికి సంస్కృతితో పని లేదు. మా స్క్రిప్టులో పండుగ సీను పన్నెండు పేజీలుంది. మామూలు లెక్కన పేజీకి నిమిషం, అంటే పన్నెండు నిమిషాలు కథ ఆగిపోయింది. తగ్గించమంటే మొదట సంస్కృతి పేరు చెప్పాం. నిజానికి మాకు రాయడం ఆపబుద్ధి కాలేదు, అంతే. ఇప్పుడది మూడు పేజీలు.

కథకూ ఆధారం కావాలి

కథ చెప్పడానికి వెళ్లే పిల్లలు ఒక చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. ఒక నాటక రచయిత తన నాటకాన్ని ఒక సినిమా దర్శకుడికి చదివి వినిపించాడు. తర్వాత వచ్చిన సినిమా తన నాటకమేనని కేసు వేశాడు. ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిలిమ్స్ అనే ఆ కేసులో 1978లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆలోచన మీద, ఇతివృత్తం మీద ఎవరికీ కాపీరైటు ఉండదని, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ ఉంటుందని చెప్పింది. నాటక రచయిత ఓడిపోయాడు.

కాబట్టి నోటితో చెప్పే ముందు కాగితం మీద పూర్తిగా రాయండి. సీన్లు, మాటలతో సహా రాయండి. రాసినదాన్ని కాపీరైటు ఆఫీసులో గానీ రచయితల సంఘంలో గానీ నమోదు చేయించుకోండి. నమోదు చేయకపోయినా హక్కు ఉంటుంది, కానీ ఏ తేదీ నాటికి మీ చేతిలో ఏముందో చూపడానికి అది పనికొస్తుంది. ఎవరికి ఎప్పుడు చెప్పారో డైరీలో రాసుకోండి. పోడు చేనుకు ఆధారం ఎంత అవసరమో కథకూ అంతే అవసరం.

మరో మాట. మన కులదేవతల కథలు, వంశ కథలు ఒక్కడి సొత్తు కావు. వాటిని ఎవరికైనా చెప్పబోయే ముందు ఆ కథ మోసే ఇంటివాళ్లను, ఊరి పెద్దల్ని అడగండి. బయటివాళ్లు అడగకుండా తీసుకున్నారని బాధపడే మనం అడగకుండా అమ్మకూడదు.

తోటి ఉపాధ్యాయులకు

ఈ పనంతా మాకు మా బడి గురించి కూడా ఒకటి నేర్పింది. పిల్లవాడు కథ రాసి తెస్తే మేము ఇన్నేళ్లూ రెండే మాటలన్నాం. 'బాగుంది' అన్నాం, లేదా ఎర్ర సిరాతో తప్పులు దిద్దాం. ఈ రెండింటితోనూ పిల్లవాడు కథ తిరిగి రాయలేడు. ఆ పెద్దాయన మాకు చేసింది వేరు. ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ నమ్మలేదో, ఎక్కడ విసుగొచ్చిందో చెప్పి ఊరుకున్నారు.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు మా బళ్లో ఒక పిల్లవాడు కథ చెప్తాడు. మిగతావాళ్లు మూడే మాటలు చెప్పాలి: ఎక్కడ అర్థం కాలేదు, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు, ఎక్కడ ఇంకా వినాలనిపించింది. ఎలా మార్చాలో చెప్పకూడదు. అది కథ చెప్పినవాడి పని. చెప్పినవాడు వాదించకూడదు, రాసుకోవాలి. వచ్చే వారం మళ్లీ చెప్పాలి. మొదట్లో ఏడ్చినవాళ్లున్నారు. ఇప్పుడు, 'సార్, ఈసారి ఎవరూ విసుగు అనలేదు' అని చెప్పుకుంటున్నారు. వీళ్లలో ఎందరు సినిమాలకు వెళ్తారో తెలియదు. గ్రామసభలో లేచి నిలబడి తన మాట చెప్పి, ఎదుటివాడి మాట విని, మళ్లీ చెప్పగలిగితే అది కూడా చాలు.

మా స్క్రిప్టు ఐదోసారి తిరగరాశాం. వచ్చే నెల మళ్లీ హైదరాబాదు వెళ్తున్నాం. మొదట విన్న ఆ కుర్రవాడికి ఫోను చేస్తే ఈసారి ఇరవై నిమిషాలు ఇస్తానన్నాడు. హీరో ఎవరని మళ్లీ అడగవచ్చు. ఈసారి అవ్వ పేరు చెప్తాం. పదిమంది ముందు ఆమె నోరు తెరిచే సీను నుంచి మొదలుపెడతాం.